పిల్లల కళ్లగంతలు: ఒక మ్యాజిక్ మాస్టారి మనవి

సంపాదక మహాశయులకు,

నమస్కారం.

ఇటీవల మీ పత్రిక జిల్లా పేజీలో ఒక పాఠశాల వార్షికోత్సవం గురించిన వార్త ఫొటోతో సహా వచ్చింది. నల్లగుడ్డతో కళ్లకు గంతలు కట్టుకున్న పిల్లలు వేదిక మీద వరుసగా కూర్చుని తెలుగు వాచకం చదివారని, చేతికిచ్చిన కార్డుల రంగులు చెప్పారని, ప్రేక్షకుల్లో ఒకరు జేబులోంచి తీసి ఇచ్చిన వంద రూపాయల నోటు మీది నంబరును తడుముకోకుండా అప్పజెప్పారని, ఇదంతా ‘మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్’ అనే, మధ్యమెదడును మేల్కొలుపుతామని చెప్పే శిక్షణ ఫలితమని విలేకరి రాశారు. వార్త మొత్తంలో ప్రశ్న అన్నది ఒక్కటీ లేదు. నలభై ఏళ్లకు పైగా ఈ జిల్లాలో మ్యాజిక్ ప్రదర్శనలు ఇస్తున్నవాడిగా, అందులో కళ్లగంతల ఐటం ఎన్నిసార్లు చేశానో లెక్క మరిచిపోయినవాడిగా, ఆ ప్రశ్న నేనైనా వేయకపోతే నా గురువుగారికి ముఖం చూపించలేననిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, మన్నించగలరు.

ముందు నా సంగతి చెప్పాలి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి రిటైరయ్యాను. మ్యాజిక్ పిచ్చి మాత్రం ఉద్యోగం కంటే ముందుది. 1970 ప్రాంతంలో, నాకు పదకొండేళ్లప్పుడు, మా రేపల్లెకు ఒక మ్యాజిక్ కంపెనీ వచ్చింది. టికెట్లు అమ్ముడుపోవడానికి ఆ మెజీషియన్ మధ్యాహ్నం బజారులో నిలబడి, రెండు కళ్ల మీద గోధుమపిండి ముద్దలు పెట్టించుకుని, వాటి మీద దూది, దూది మీద పట్టీ, ఆ పైన నల్లగుడ్డ కట్టించుకుని, తలకు సంచి కూడా తొడిగించుకుని మోటారుసైకిలు ఎక్కాడు. పట్టీ కట్టింది ఊళ్లో అందరికీ నమ్మకమైన డాక్టరుగారు. రిక్షాలు, ఎడ్లబండ్లు, సంత నుంచి తిరిగొస్తున్న జనం మధ్యగా ఆ బండి గడియారం స్తంభం చుట్టూ తిరిగి వచ్చి, బయలుదేరిన చోటే ఆగింది. సాయంత్రానికి టికెట్లు లేవు. పెద్ద పేరున్నవాళ్ల విద్యే ఇది. కలకత్తా మాంత్రికుడు పి.సి. సర్కార్ గంతలు కట్టుకుని విదేశీ నగరాల వీధుల్లో సైకిలు తొక్కాడు. కాశ్మీరులో పుట్టిన ఖుదా బఖ్ష్ 1930లలో లండన్ వెళ్లి, పిండిముద్దలూ పట్టీలూ కట్టించుకుని, ఎదుటివాళ్లు పలక మీద రాసింది చదివి చూపించి, ‘ఎక్స్‌రే కళ్ల మనిషి’ అని పేరు తెచ్చుకున్నాడు. వీళ్లెవరూ ఊరి పిల్లలను పోగుచేసి మీకూ ఈ శక్తి తెప్పిస్తామని ఫీజు వసూలు చేయలేదు.

కాలేజీ రోజుల్లో నాకు దొరికిన గురువుగారు రైల్వేలో గూడ్సు గుమాస్తా. పెళ్లిళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో ప్రదర్శనలిచ్చేవారు. ఆయన దగ్గర మొదటి ఆరు నెలలూ నేను నేర్చుకున్నది ఒక్క నాణెం దాచడం. అరచేతిలో నాణెం ఉన్నా ఖాళీ చెయ్యిలా కనిపించేదాకా, ఆ చేత్తోనే గ్లాసు ఎత్తి నీళ్లు తాగగలిగేదాకా రెండో పాఠం లేదు. ఆ తర్వాత తాడు కోసి అతికించడం, పేకముక్కలు, రుమాళ్లు, అద్దం ముందు గంటల తరబడి సాధన. ప్రపంచంలో ఏ మెజీషియన్ అయినా చెప్పే మూడు నియమాలే ఆయనా చెప్పారు: జరగబోయేది ముందుగా చెప్పకు, ఒకే సభలో ఒకే ఐటం రెండుసార్లు చేయకు, రహస్యం విప్పకు. వీటికి ఆయన సొంతంగా చేర్చిన నాలుగో నియమం ఒకటుంది. మనసు చదివే ఐటంలు, అంటే ఇవాళ మెంటలిజం అని పిలుస్తున్నవి, అన్నిటికంటే చివర నేర్చుకోవాలి. ఎందుకని అడిగితే ఆయన అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: “ఒరేయ్, నాణెం మాయం చేస్తే జనం నీ చెయ్యిని అనుమానిస్తారు. మనసులో మాట చెబితే మాత్రం నిన్ను నమ్మేస్తారు. ఆ నమ్మకాన్ని ఏం చేయాలో తెలిసే వయసు రావాలి.”

ఆయన ఆ మాట ఎందుకన్నారో రెండేళ్ల తర్వాత తెలిసింది. చీరాల దగ్గర ఒక పల్లెలో ప్రదర్శన. మడతపెట్టిన కాగితాల మీద జనం రాసిన ప్రశ్నలను గురువుగారు విప్పకుండానే చదివి జవాబులు చెప్పారు. చప్పట్లు మోగాయి. సామాను సర్దుకుంటుంటే ఒక ముసలావిడ వచ్చి, కొంగున కట్టుకున్న అయిదు రూపాయల నోటు విప్పి ఆయన చేతిలో పెట్టి, ఇల్లు విడిచి వెళ్లిన కొడుకు ఎక్కడున్నాడో చెప్పమంది. గురువుగారు ఆ నోటు ఆమె కొంగులోనే తిరిగి కట్టి, పక్కన కూర్చోబెట్టి, కాగితం చదివిన కిటుకును, నన్ను కూడా పక్కకు పొమ్మనకుండా, విడమరిచి చూపించారు. రహస్యం విప్పరాదన్న నియమాన్ని ఆయన తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆవిడ నమ్మిందో లేదో తెలియదు, వెళ్లేటప్పుడు మళ్లీ దండం పెట్టింది. ఆ రోజు నుంచి ఆయన మనసు చదివే ఐటం మొదలుపెట్టే ముందు, “అయ్యా, ఇందులో మంత్రం లేదు, మహిమ లేదు, నాకు మీ మనసులో ఏముందో తెలియదు, తెలిసినట్టు ఆడతాను, చూడండి” అని చెప్పేవారు. అంత చెప్పినా చప్పట్లు ఏమీ తగ్గలేదు. నేనూ ఈనాటికీ అదే చెబుతున్నాను.

మన దగ్గర ఈ విద్యకు లోటేమీ లేదు. అరవై నాలుగు కళల జాబితాలోనే ఇంద్రజాలం ఉంది, హస్తలాఘవం ఉంది. బ్రాహ్మణుల ఇళ్లలో శుభకార్యాలకు వచ్చి కనికట్టు చేసి చూపించిన విప్రవినోదులు కోస్తాలో ఉండేవారు. తెలంగాణలో పద్మశాలీలను ఆశ్రయించి ఇంద్రజాలం ప్రదర్శించే సాధనాశూరులున్నారు. ఊరికి గారడీవాడు వస్తే డప్పు మోగుతుండగానే అది గారడీ అని పిల్లవాడికి కూడా తెలుసు, తెలిసీ నోరెళ్లబెట్టి చూసేవాడు. గారడీవాడికీ ప్రేక్షకుడికీ మధ్య రాతకోతలు లేని ఒప్పందం అది. నా గొడవంతా ఆ ఒప్పందాన్ని తెంపేయడం గురించే.

ఇక అసలు విషయానికి వస్తాను. నిరుడు వేసవిలో మా బంధువుల అమ్మాయి, తొమ్మిదేళ్ల పిల్లను, తల్లిదండ్రులు మా ఇంటికి తీసుకొచ్చారు. పేరు రాయను. ఒక శిక్షణ కేంద్రంలో రెండు రోజుల శిబిరం, తర్వాత ఎనిమిది ఆదివారాల తరగతులు, మొత్తం ఫీజు 25,000 రూపాయలు. మ్యాజిక్ చేసే తాతయ్యకు నిజమైన శక్తి ఎలా ఉంటుందో చూపించాలని తండ్రి ఉత్సాహం. పిల్లకు కేంద్రం వాళ్లిచ్చిన గంతలు కట్టారు, ఆ రోజు పేపరు చేతికిచ్చారు. పిల్ల కాసేపు పేజీని అరచేత్తో తడిమింది, వాసన చూసింది, పొట్ట దగ్గరికి దించి పట్టుకుంది, గడ్డం కొద్దిగా పైకెత్తింది, శీర్షిక చదివింది. తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి గాని కారణం వేరు. ఆ గడ్డం ఎత్తిన కోణం నాకు తెలుసు. ఆ కోణం కనిపించకుండా దాచడానికి నా గురువుగారు నా చేత ఒక సంవత్సరం సాధన చేయించారు.

సందేహం తీర్చుకోవడానికి పేపరును నేనే తీసుకుని పిల్ల నుదుటికి ఎదురుగా, అడుగు దూరంలో పట్టుకున్నాను. చదవలేకపోయింది. “మసగ్గా ఉంది తాతయ్యా, ఇవాళ ఎనర్జీ తక్కువగా ఉంది” అంది. ఎనర్జీ అన్న మాట తొమ్మిదేళ్ల పిల్ల సొంతంగా అనేది కాదు, ఎవరో నేర్పిన మాట. నేను అంతటితో ఆపేశాను, శభాష్ అన్నాను, కాఫీలు తాగారు. తల్లిదండ్రుల ముందు ఆ పిల్లను దోషిగా నిలబెట్టడం నాకు చేతకాలేదు. సాయంత్రం దొడ్లో ఒంటరిగా ఉన్నప్పుడు నాణెం మాయం చేసి చూపించి, ఎలా చేశానో కూడా చెప్పి, నీ రహస్యం నాకు చెబుతావా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. మొదటి రోజు ఏమీ కనిపించలేదట. పక్క పిల్లలంతా కనిపిస్తోంది కనిపిస్తోంది అని అరుస్తున్నారట. కనిపించనివాళ్లను లేపి మళ్లీ సంగీతం వినిపిస్తామన్నారట. ముక్కు పక్క నుంచి కొంచెం వెలుతురు వస్తోందని చెబితే, ఫర్వాలేదు, మొదట్లో అలాగే వస్తుంది, అదే పెద్దదవుతుంది అన్నారట. “నాన్న డబ్బులు కట్టేశారు కదా తాతయ్యా” అంది చివరికి.

ఇందులో రహస్యమనదగ్గది ఏమీ లేదు కాబట్టి మ్యాజిక్ నియమాన్ని తప్పినవాణ్ని అవుతానన్న భయం లేకుండానే చెబుతున్నాను. మనిషి ముక్కు ముఖం మీద గుట్టలా లేచి ఉంటుంది. దాని మీదుగా బల్లపరుపు గుడ్డ కడితే రెండు పక్కలా, కంటి లోపలి కొనకూ చెంపకూ మధ్య, సందు మిగులుతుంది. తల కాస్త వెనక్కు వంచితే ఆ సందులోంచి ఒడిలో ఉన్నది కనిపిస్తుంది. దాగుడుమూతల్లో దొంగ అయిన పిల్లలందరికీ తెలిసిన దొంగచూపే ఇది. అందుకే ఆ ఆటలో గడుసు పిల్లలు గుడ్డ కట్టడంతో సరిపెట్టరు, చేతులతో కళ్లు మూస్తారు. బజారులో మోటారుసైకిలు తోలే మెజీషియన్ చేసేది దీనికంటే ఎంతో కష్టమైన పని, అది మాత్రం ఇక్కడ చెప్పను. కేంద్రాల్లో ఇచ్చే గంతలను మీరు చేత్తో పట్టుకుని చూడండి: మెత్తటి స్పాంజి, ముక్కు దగ్గర ఒంపు, వెనక సాగే ఎలాస్టిక్. చూడటానికి నల్లగా గంభీరంగా ఉంటుంది. సాగే పట్టీకి, చిన్న ముఖానికి మధ్య సందు దానంతటదే వస్తుంది.

ఈ ముక్కు పక్క సందు మన కనిపెట్టుడేమీ కాదు. 1960ల తొలినాళ్లలో సోవియట్ రష్యాలో రోజా కులెషోవా అనే యువతి కళ్లకు గంతలతో, వేలికొసలతో అక్షరాలు చదువుతోందని వైద్యులే ప్రకటించారు, ప్రపంచమంతటా పత్రికలు రాశాయి. అమెరికాలో గణిత వినోదాల రచయిత, స్వతహాగా మ్యాజిక్ అభిమాని అయిన మార్టిన్ గార్డ్‌నర్ 1966లో ‘సైన్స్’ పత్రికలో దీని మీద రాసిన వ్యాసం శీర్షికలోనే ముక్కు పక్క నుంచి దొంగచూపు అన్న మాట పెట్టాడు. కళ్లకు గుడ్డ కట్టే పరీక్ష దేనికీ పనికిరాదని, చూడకుండా ఆపాలంటే భుజాల మీద ఆనేలా తలంతటికీ వెలుతురు చొరని అల్యూమినియం పెట్టె తొడగాలని ఆయన సూచించాడు. వైద్యులకు తట్టనిది ఆయనకు తట్టిందంటే కారణం ఆయన మ్యాజిక్ నేర్చుకున్నవాడు కావడమే. మనకు దగ్గరి మాట కావాలంటే, తెలుగు అనువాదాల ద్వారా మనలో చాలామంది చదివిన హేతువాది డాక్టర్ అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు, అతీత శక్తులున్నవాళ్లు చేసి చూపించాల్సిన పనుల్లో ఒకటి, కవరులో పెట్టి మూసిన కరెన్సీ నోటు నంబరు చదవడం. 1978లో ఆయన కన్నుమూసే నాటికి ఆ డబ్బు ఎవరూ గెలవలేదు. నేడు ఊరూరా పిల్లలు నోటు నంబర్లు చదివేస్తున్నారని వార్తలు వస్తున్నాయి, కాకపోతే ఆ నోటును ఏ కవరులోనూ పెట్టడం లేదు, పిల్లవాడి ఒళ్లో పెడుతున్నారు.

ఇక మిడ్ బ్రెయిన్ సంగతి. మధ్యమెదడు మెదడు కాండం పైభాగంలో రెండు సెంటీమీటర్లకు మించని చిన్న భాగం. కనుగుడ్లను తిప్పడం, వెలుతురుకు కంటిపాప కుంచించుకోవడం, చప్పుడు వినబడగానే తల తిప్పడం, మెలకువగా ఉండటం వంటి పనుల్లో దాని పాత్ర ఉంది. పార్కిన్సన్స్ జబ్బులో దెబ్బతినే కణాలు కూడా అక్కడివే. అది పుట్టినప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంటుంది, పనిచేయకపోతే పిల్లవాడు బడికి కాదు, ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తుంది. ఆదివారం తరగతుల్లో స్పీకరు పెట్టి సంగీతం వినిపించి ‘తెరవడానికి’ అదేమీ తలుపు కాదు. పైగా నేను అడిగిన చిన్న ప్రశ్నకు ఏ శిక్షకుడూ జవాబు చెప్పలేదు: కళ్లతో అవసరం లేకుండా మెదడే నేరుగా చదువుతున్నప్పుడు, గదిలో లైటు ఆర్పేస్తే పిల్లలు ఎందుకు చదవలేకపోతున్నారు? ఒకాయన మాత్రం చీకట్లో కిరణాలు తగ్గుతాయని సెలవిచ్చారు. భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కాబట్టి ఆ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలుసు.

చదువుకున్న తల్లిదండ్రులు ఎలా మోసపోతారని కొందరు వెటకారం చేస్తారు. అది న్యాయం కాదు. 1979లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి అతీంద్రియ శక్తుల పరిశోధన కోసం 5 లక్షల డాలర్ల విరాళం వచ్చింది. చెంచాలు వంచే శక్తి ఉందని చెప్పుకుంటూ స్టీవ్ షా, మైకేల్ ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు అక్కడికి వెళ్లారు. ఇద్దరికీ ఇరవై ఏళ్లు లేవు, ఇద్దరూ మెజీషియన్లే, పంపింది అతీత శక్తుల గుట్టు విప్పే మెజీషియన్ జేమ్స్ రాండీ. ప్రయోగాల్లో ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో రాండీ ఆ ప్రయోగశాలకు ముందే ఉత్తరం రాశాడు. అయినా ఆ కుర్రాళ్లు సంవత్సరాల తరబడి పరిశోధకుల కళ్లు కప్పారు. 1983లో రాండీ పత్రికలవాళ్లను పిలిచి అసలు సంగతి బయటపెట్టాడు. భౌతికశాస్త్రవేత్త కొలిచే వస్తువు ఆయనతో అబద్ధమాడదు, అందుకే అబద్ధమాడే మనిషిని పట్టుకోవడం ఆయనకు అలవాటు ఉండదు. ప్రయోగశాలలోనే అలా జరిగితే, కన్నబిడ్డ మీద ప్రేమతో ముందు వరుసలో కూర్చున్న తండ్రి మాటేమిటి? అనుమానించడమంటే అక్కడ సొంత బిడ్డను దొంగ అనడమే. ఆ వ్యాపారం కిటుకంతా ఇక్కడే ఉంది, గంతల్లో కాదు.

ఆ అమెరికా కుర్రాళ్లకూ మన పిల్లలకూ తేడా ఒకటుంది. అడిగితే నిజం చెప్పేయాలని రాండీ వాళ్లకు ముందే చెప్పి పంపాడు. మన పిల్లలకు ఆ దారి లేదు. నాన్న 25,000 కట్టాడు, అమ్మ వీడియో తీసి బంధువులందరికీ పంపింది, బడిలో ప్రధానోపాధ్యాయులు శాలువా కప్పారు, పేపర్లో ఫొటో పడింది. ఇప్పుడు నిజం చెబితే ఇంతమంది పరువు పోతుంది. తొమ్మిదేళ్ల పిల్ల మోయాల్సిన బరువు కాదది. ఏకాగ్రత పెరుగుతుంది కదా, ధైర్యం వస్తుంది కదా అని శిక్షకులు అంటారు. ఇంట్లోవాళ్లందరినీ ఒకేసారి నమ్మించగలిగే ధైర్యమైతే వస్తుంది, కాదనను.

అదే పిల్లకు అదే కళ్లగంతల ఐటంను మ్యాజిక్‌గా నేర్పితే కథ వేరు. నేను పనిచేసిన బడిలో ఇరవై ఏళ్లపాటు శనివారం చివరి పీరియడులో ఏడో తరగతి పిల్లలకు మ్యాజిక్ నేర్పాను. కావలసిన సామాను ఒక గజం తాడు, నాలుగు రూపాయి బిళ్లలు, ఒక పేకదస్తా, పాత పేపర్లు. పేకలు బడికి తెచ్చానని ఒకసారి సంజాయిషీ కూడా రాసి ఇచ్చుకున్నాను, అదొక కథ. క్లాసులో నోరు విప్పని పిల్లవాడు తాడు అతికించే ఐటం చేయాలంటే మాట్లాడక తప్పదు, ఎందుకంటే మాటలు ఆగితే జనం చేతిని చూస్తారు. నత్తిగా మాట్లాడే ఒకబ్బాయి ఐటం మధ్యలో నత్తి లేకుండా మాట్లాడటం నేను విన్నాను; ఐటం అయిపోయాక నత్తి మళ్లీ వచ్చింది, అది పోయిందని అబద్ధం చెప్పను. ఎదుటివాడు ఎక్కడ చూస్తాడు, ఏం అనుకుంటాడు అని ఆలోచించడం ఆ వయసులో అలవడితే అంతకు మించిన లెక్కల పాఠం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, మెజీషియన్ పిల్లవాడికి తాను మోసం చేస్తున్నట్టు తెలుసు, చూసేవాడికి మోసపోతున్నట్టు తెలుసు, ఆట అయ్యాక ఇద్దరూ నవ్వుకుంటారు.

ఇక్కడ మా మెజీషియన్ల తప్పు కూడా ఒప్పుకోవాలి. మెంటలిజం ఈ మధ్య బాగా పేరుకెక్కింది, కార్పొరేట్ సభల్లో, టీవీల్లో, ఫోన్లలో ఎక్కడ చూసినా అదే. చేసేవాళ్లలో నిజంగా ప్రతిభావంతులు ఉన్నారు, వాళ్ల సాధనకు నమస్కారం. కాని కొందరు, మంత్రం అంటే జనం నమ్మరని తెలిసి, మీ కనురెప్ప కదిలిన తీరును బట్టి, మీరు కూర్చున్న భంగిమను బట్టి, మనస్తత్వశాస్త్రం సాయంతో మీ ఏటీఎం పిన్ను కనిపెట్టాను అంటున్నారు. భంగిమను బట్టి నాలుగంకెల పిన్ను తెలియదు. మెంటలిజం కూడా మ్యాజిక్కే, దానికీ నాణేనికీ తాడుకూ ఉన్నట్టే కిటుకులుంటాయి. వేదిక మీద పాత్రలో భాగంగా ఆ మాట అంటే అనుకోవచ్చు. తెర దించాక ఇంటర్వ్యూలో కూడా అదే అని, మరునాడు అదే పేరుతో శిక్షణ శిబిరం పెడితే, ముసలావిడ కొంగు విప్పించుకుని అయిదు రూపాయలు పుచ్చుకున్నట్టే. మ్యాజిక్‌ను, హిప్నాటిజాన్ని తెలుగు ఇళ్లకు దగ్గర చేసి నిరుడు 2025లో వెళ్లిపోయిన బి.వి. పట్టాభిరామ్ గారు మెజీషియన్‌గానూ వ్యక్తిత్వ వికాస నిపుణుడిగానూ రెండు వేషాలు వేశారు, ఏ వేషంలో ఉన్నారో చూసేవాళ్లకు తెలిసేది. ఆ గీత చెరిపేస్తున్నవాళ్ల గురించే నా బాధ.

ఆ గీత చెరిగిన చోటే వేలిముద్రల పరీక్షలు కూడా మొలిచాయి. కళ్లగంతల కేంద్రం పక్క గదిలోనే పిల్లల పది వేళ్ల ముద్రలు తీసుకుని, వీడు ఇంజినీరు అవుతాడా, గాయకుడు అవుతాడా అని ముప్ఫై పేజీల రిపోర్టు ఇస్తున్నారు. మా బంధువుల పిల్ల రిపోర్టు నేను చదివాను. ‘మీ బిడ్డలో ఇంకా బయటికి రాని శక్తి ఎంతో ఉంది, కొన్నిసార్లు నలుగురిలో కలుస్తుంది, కొన్నిసార్లు ఒంటరిగా ఉండాలనుకుంటుంది’ అన్న ధోరణిలో ఉంది. నాకు నవ్వొచ్చింది. మనసు చదివే ఐటంలో ముక్కూమొహం తెలియని మనిషి గురించి మాట్లాడాల్సి వస్తే మేం వాడే వాక్యాలే ఇవి. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకిచ్చి, ఎంత సరిగ్గా ఉందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటున 4కు పైగా వేశారు. తర్వాత చూసుకుంటే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని మాటలు చాలావరకు కొట్లో కొన్న జ్యోతిషం పుస్తకంలోవి.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. మోసపోయిన తల్లిదండ్రులు జిల్లా కలెక్టరుకైనా ఫిర్యాదు చేసుకోవచ్చు. పరువు పోతుందని ఎవరూ చేయడం లేదు. విద్యాశాఖ అధికారులు, ప్రధానోపాధ్యాయులు ఇలాంటి ప్రదర్శనలకు బడి ఆవరణ ఇచ్చే ముందు ఊళ్లోని ఏ మెజీషియన్‌నైనా ఒకణ్ని పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టుకోవాలి. మా వాళ్లు దీనికి డబ్బు అడగరు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.

మీ విలేకరులకు నా మనవి ఇంకా చిన్నది. ఈసారి ఇలాంటి సభకు వెళ్లినప్పుడు పిల్లలను ఏమీ అనవద్దు, వాళ్లను పరీక్షించి అందరి ముందు ఓడించవద్దు. నిర్వాహకుణ్ని పక్కకు పిలిచి, పుస్తకాన్ని పిల్లల ఒళ్లో కాకుండా నుదుటి ఎత్తులో పట్టుకోనిస్తారా అని, ఒక్క నిమిషం హాల్లో లైట్లు ఆర్పనిస్తారా అని, గంతలు మేం తెచ్చినవి కడతారా అని అడిగి, ఆయన ఏం చెబితే అది ఉన్నదున్నట్టు అచ్చువేయండి. ఈత కొట్టేటప్పుడు పెట్టుకునే గాగుల్స్‌కు లోపలివైపు నల్లటేపు రెండు పొరలు అంటించి సిద్ధం చేసినవి, పిల్లల సైజువి, నా దగ్గర నాలుగు జతలున్నాయి. రబ్బరు అంచు కాబట్టి ముక్కు పక్క సందు ఉండదు, పిల్లలకు నొప్పి కూడా చేయదు. మా బంధువుల పిల్లే అవి పెట్టుకుని చూసి, ఏమీ కనపడటం లేదని నవ్వి, టేపు అంటించడంలో సాయం చేసింది. కావాలన్న విలేకరికి మీ కార్యాలయం చిరునామాకే పంపగలను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఔత్సాహిక ఇంద్రజాలికుడు,
గుంటూరు.